వెన్నెల ఫోటోకి పున్నమి మేలా, అష్టమి మేలా?

వెన్నెల్లో ఫోటోలు తీయాలని మొదటిసారి గండికోట వెళ్ళింది పుష్య పౌర్ణమికి. పున్నమి అంటే వెలుతురు, వెలుతురు ఉంటే ఫోటో వస్తుంది. అంతకు మించి ఆలోచించలేదు. చలికి వణుకుతూ అర్ధరాత్రి దాకా ఆగి, చంద్రుడు నడినెత్తికి వచ్చాక పెన్నా లోయ అంచు దగ్గర ట్రైపాడ్ వేశాను. ఇంటికొచ్చి చూపిస్తే మా అమ్మ ఒకటే మాట అంది: "రాత్రి తీసినా అంటివి, ఇదేందిరా మిట్టమధ్యాన్నం మాదిరి ఉంది?"

అమ్మ తప్పేం అనలేదు. వెన్నెలంటే చంద్రుడి మీద పడి మన దాకా వచ్చిన ఎండే కదా. నిండు పున్నమి వెలుగు కూడా ఎండలో సుమారు 4 లక్షలో వంతు ఉంటుంది. అంత తక్కువ వెలుతురులో మన కంటికి రంగులు ఆనవు కాబట్టి లోకమంతా బూడిదరంగుగా కనిపిస్తుంది. కెమెరాకి ఆ ఇబ్బంది లేదు. ఎఫ్2.8 (లెన్స్ కన్ను ఎంత తెరవాలో చెప్పే అంకె, అది ఎంత చిన్నదైతే అంత వెలుగు), ఐఎస్ఓ 1600 (వెలుగుని పట్టుకోవడంలో కెమెరా చురుకు), 8 సెకన్లు పెడితే చాలు, నీలాకాశం, ఎర్ర రాళ్ళు, పచ్చ గడ్డి అన్నీ వచ్చేస్తాయి. ఆకాశంలో నాలుగు చుక్కలు ఉన్నాయి కాబట్టి రాత్రి అని పోల్చుకోవాలి. దానికి తోడు ఆ రాత్రి చంద్రుడు సరిగ్గా నెత్తిమీద ఉన్నాడు. గండికోట లోయ గోడలంటే పేర్చిపెట్టినట్టుండే రాతి పలకలు, వాటి మధ్య సందులు. నీడ పక్కకి పడితేనే ఆ పొరలు విడివిడిగా తెలుస్తాయి. నా ఫోటోలో లోయ ఎర్రమట్టి గుట్టలా ఉంది.

ఇక అష్టమి సంగతి. శుద్ధ అష్టమి నాడు సగం చంద్రుడు ఉంటాడు కదా, వెలుతురు కూడా సగం ఉంటుందనుకుంటాం. కాదు, పున్నమి వెలుగులో దాదాపు పదో వంతే. పున్నమి నాడు ఎండ చంద్రుడి మీద మన వెనక నుంచి పడుతున్నట్టు ఉంటుంది, అక్కడి గుంటల నీడలు మనకి కనిపించవు. అష్టమికి ఎండ పక్క నుంచి పడుతుంది కాబట్టి చంద్రుడి మీదే బోలెడు నీడలు. దశమి వచ్చేసరికి ఐదో వంతు దాకా పెరుగుతుంది. ఈ లెక్క తెలియక అష్టమికి వెళ్ళి పున్నమి సెట్టింగులు పెట్టినవాళ్ళకి నల్లటి ఫోటోలే మిగులుతాయి. ఎఫ్2.8 దగ్గర ఐఎస్ఓ 3200, 20 సెకన్లతో మొదలుపెట్టాలి. ఫోటో కొంచెం మసకగా వస్తుంది, కానీ రాత్రి ఫోటోకి ఆ మసకే అందం.

అష్టమితో అసలు సుఖం టైము. సూర్యాస్తమయానికే చంద్రుడు ఆకాశం మధ్యకు వచ్చి ఉంటాడు, అర్ధరాత్రి ప్రాంతంలో అస్తమిస్తాడు. రాత్రి తొమ్మిదికల్లా పడమటికి సగం దిగుతాడు, అప్పుడు రాళ్ళ నీడలు పొడుగ్గా సాగుతాయి. భోంచేసి వెళ్ళి, పన్నెండుకి తిరిగొచ్చి పడుకోవచ్చు. చంద్రుడు దిగిపోయాక ఇంకో గంట ఆగే ఓపికుంటే, ట్రైపాడ్ కదపకుండా చుక్కల ఆకాశం విడిగా తీసుకోవచ్చు. పున్నమి రాత్రి ఆ అవకాశమే లేదు, తెల్లవార్లూ వెన్నెలే. బహుళ అష్టమి కూడా వెలుగులో ఇంతే, కాకపోతే చంద్రుడు పైకొచ్చేదే అర్ధరాత్రి. నిద్ర చెడగొట్టుకోవడం ఇష్టమైనవాళ్ళకి వదిలేస్తున్నాను.

దీనికి యాప్ అక్కర్లేదు, గోడమీద తిథుల క్యాలెండర్ చాలు. ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి: ఏ మాసమైనా అష్టమి అష్టమే గానీ, చంద్రుడి దారి ఒకటే కాదు. శ్రీరామనవమి సాయంత్రం మన దగ్గర చంద్రుడు ఇంచుమించు నడినెత్తిన ఉంటాడు, పక్కవెలుతురు కావాలంటే పది దాకా ఆగాలి. దుర్గాష్టమికైతే దక్షిణానికి వాలి ఉంటాడు, చీకటి పడగానే పని మొదలుపెట్టొచ్చు. పున్నమిలోనూ ఇదే తేడా. చలికాలపు పున్నమి చంద్రుడు నెత్తికెక్కుతాడు. జ్యేష్ఠ పౌర్ణమికి దక్షిణాన ఒక పక్కగానే నడుస్తాడు, అర్ధరాత్రి కూడా నీడ దొరుకుతుంది. కానీ ఆ రోజుల్లో మబ్బు పట్టకపోతే మన అదృష్టం.

పున్నమిని మరీ తీసిపారేయను. పుష్య పౌర్ణమికి నేను చేసిన తప్పు పున్నమికి వెళ్ళడం కాదు, అర్ధరాత్రి దాకా ఆగడం. రాత్రి ఎనిమిదిన్నరకి తూర్పున చంద్రుడు పక్కనుంచే కొడతాడు, అప్పుడే తీసేసి ఉండాల్సింది. కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్ ఒక్కటే ఉన్నవాళ్ళకి కూడా పున్నమే దిక్కు. జూమ్ చేయకుండా వెడల్పు వైపు ఉంచి, ఎఫ్3.5 దగ్గర 12 సెకన్లకి, ఐఎస్ఓ 1600లోనే ఫోటో వచ్చేస్తుంది. అష్టమికి అదే లెన్స్‌తో ఐఎస్ఓ పెంచుకుంటూ పోతే నీడలన్నీ గరుకు గరుకు అవుతాయి.

లెన్స్ మాటకి వస్తే, నా దగ్గర రెండున్నాయి: 14 ఎంఎం ఎఫ్2.8, 24 ఎంఎం ఎఫ్1.8. రెండూ ఫుల్ ఫ్రేమ్‌వి, అంటే పెద్ద సెన్సర్ ఉన్న కెమెరావి. చాలాకాలం 14 ఉంటే ఇంకేదీ అక్కర్లేదనుకున్నాను. అడ్డంగా 104 డిగ్రీలు పడుతుంది, లోయ మొత్తం వచ్చేస్తుంది. వచ్చేస్తుంది నిజమే, కానీ ఎదుటి గోడ కాలవగట్టంత అవుతుంది, చంద్రుడిని ఫ్రేములో పెడితే తెల్లటి చుక్క మిగులుతుంది. కోట లోపల మాధవరాయస్వామి గుడి గోపురం కోసం 14ని పైకెత్తితే గోపురం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. పైగా ముందుకు ఉబ్బిన గాజు. చంద్రుడు పక్కన ఉన్నా చాలు, ఫోటో మీద తెల్లటి పొర కమ్ముతుంది. అరచేయి అడ్డం పెట్టి తీయడం అలవాటైంది.

అదే 24 అయితే 74 డిగ్రీలు. లోయ గోడ గోడలా నిలబడుతుంది, పలకల సందులు లెక్కపెట్టొచ్చు. ఎఫ్1.8 కాబట్టి ఎఫ్2.8 కంటే రెట్టింపు పైన వెలుగు లోపలికి వస్తుంది, అష్టమి రాత్రి ఇది చిన్న విషయం కాదు. ఎక్కువ సెకన్లు పెడితే ఫోటోలో చుక్కలు జరిగి గీతలవుతాయి, అలా కాకూడదంటే 500ని లెన్స్ ఎంఎంతో భాగించి, వచ్చినన్ని సెకన్లకి ఆపమంటారు. 14కి 35 సెకన్లు, 24కి 20 సెకన్ల చిల్లర. మెగాపిక్సెల్స్ ఎక్కువున్న కెమెరాలో అందులో సగానికే ఆపడం మంచిది. టైములో 24 పోగొట్టుకున్నది అపర్చర్‌లో, అంటే ఆ ఎఫ్1.8 వెలుగులో, తిరిగి రాబట్టుకుంటుంది.

24 ఓడిపోయేది ఒక్కచోట, కాళ్ళ దగ్గర రాయి ఫోటోలో ఉండాలనుకున్నప్పుడు. 14ని ఎఫ్2.8 దగ్గర రెండుంబావు మీటర్లకి ఫోకస్ చేస్తే 1.2 మీటర్ల నుంచి చుక్కల దాకా అంతా స్పష్టంగానే ఉంటుంది. 24ని ఎఫ్1.8 దగ్గర అదే పని చేయించాలంటే 11 మీటర్ల దూరానికి ఫోకస్ పెట్టాలి, అప్పుడు 5 మీటర్ల లోపలిదంతా మసక. రాయికో ఫోటో, లోయకో ఫోటో తీసి తర్వాత కలుపుకోవచ్చు గానీ నాకంత ఓపిక లేదు. అందుకని ముందు రాయో చెట్టో ఉంటే 14, ఉత్త లోయైతే 24.

నా వరకు మేలైనది శుద్ధ దశమి, 24 ఎంఎం, రాత్రి పదకొండు. దశమి చంద్రుడు పడమటికి సగం దిగేది ఆ టైముకే. అష్టమికంటే రెట్టింపు వెలుగు ఉంటుంది, ఆకాశం మాత్రం పున్నమిలా తెల్లబడదు. కెమెరాలో రంగుల ఛాయని సరిచేసే వైట్ బ్యాలెన్స్ 4000 కెల్విన్ దగ్గర పెడితే మా అమ్మ కూడా రాత్రి అని ఒప్పుకుంది.

లోయ అంచున చోటు మాత్రం పగలే చూసి పెట్టుకోండి. వెన్నెల్లో రాతి పలకకీ పలక నీడకీ తేడా తెలియదు. ఒకసారి నేల అనుకుని ట్రైపాడ్ కాలు సందులో దించేశాను. కెమెరా ఒరిగి నా భుజానికి కొట్టుకుంది కాబట్టి సరిపోయింది, అటు పక్కకి ఒరిగి ఉంటే కింద పెన్నే.