4కే వీడియో ఆగి ఆగి ఆడుతోందా: సర్వర్ మార్చాలా, టీవీ బాక్సు మార్చాలా, ఫైలునే మార్చాలా?

ఇంట్లో ఒక చిన్న కంప్యూటర్‌లోనో, నాస్‌లోనో (నెట్‌వర్క్‌కు తగిలించే ఫైళ్ల నిల్వ పెట్టె) సొంత వీడియోలను టీవీకి పంపే సర్వర్ ప్రోగ్రాములైన ప్లెక్స్, జెల్లీఫిన్, ఎంబీలలో ఏదో ఒకటి పెట్టుకున్నవారికి 1080పీ వీడియోలతో సాధారణంగా పేచీ ఉండదు. 4కే ఫైళ్లు చేరాకే కాసేపు ఆడటం, చక్రం తిరగడం, మళ్లీ కాసేపు ఆడటం మొదలవుతుంది. 4కేలో ఒక్కో ఫ్రేముకు 82,94,400 పిక్సెళ్లు ఉంటాయి. 1080పీకి ఇది సరిగ్గా నాలుగు రెట్లు. పైగా రంగుకు 8 బిట్లకు బదులు 10 బిట్లు, వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్, వీడియోను కుదించే పాత పద్ధతి హెచ్‌.264 స్థానంలో కొత్తదైన హెచ్‌ఈవీసీ చేరడంతో సర్వర్ మీద పడే బరువు నాలుగు రెట్లతో ఆగదు. దీనికి వినిపించే పరిష్కారాలు మూడు. సర్వర్‌కు హార్డ్‌వేర్ ట్రాన్స్‌కోడింగ్ (చిప్పులోని ప్రత్యేక భాగంతో వీడియోను అప్పటికప్పుడు వేరే రూపంలోకి మార్చడం) బలం ఇవ్వడం ఒకటి, ఫైలును ఉన్నది ఉన్నట్టుగా ఆడగల ప్లేయర్‌ను టీవీకి తగిలించడం రెండోది, ఫైళ్లను ముందే మార్చి తేలికపాటి ప్రతిని పక్కన ఉంచుకోవడం మూడోది. వీటిలో ఏది మేలన్నది చూసేవారు ఇంట్లో ఉన్నారా, బయట ఉన్నారా అన్నదాన్ని బట్టి మారుతుంది కాబట్టి, అందరికీ ఒకే సలహా ఇచ్చేవారి మాట నమ్మి డబ్బు ఖర్చు పెట్టడం తొందరపాటే అవుతుంది.

డబ్బు తీయకముందు ఒక్క పని తప్పక చేయాలి. వీడియో ఆగుతున్నప్పుడే సర్వర్ డ్యాష్‌బోర్డు తెరిచి, అది డైరెక్ట్ ప్లే (ఉన్నది ఉన్నట్టుగా ఆడటం) అవుతోందా, ట్రాన్స్‌కోడ్ అవుతోందా అని చూడాలి. డైరెక్ట్ ప్లే అని ఉండి కూడా ఆగుతుంటే సర్వర్ బలానికి దానితో సంబంధం లేదు, లోపం నెట్‌వర్క్‌లోనో ప్లేయర్‌లోనో ఉన్నట్టు. ట్రాన్స్‌కోడ్ అని ఉంటే కారణం కూడా అక్కడే కనబడుతుంది. వీడియో కోడెక్ (కుదింపు పద్ధతి) పనికిరాలేదా, ఆడియో పనికిరాలేదా, సబ్‌టైటిల్ అడ్డు వచ్చిందా, బిట్‌రేట్ (సెకనుకు పోయే డేటా) పరిమితి దాటిందా అన్నది జెల్లీఫిన్ స్పష్టంగానే చెబుతుంది. ఇంకొంచెం లోతుకు వెళ్లదలచినవారు అదే సర్వర్‌లో మార్పిడి చేసే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ప్రోగ్రాము లాగ్ ఫైలు తెరవవచ్చు. ఒక్కో వరుస చివర స్పీడ్ అనే అంకె ఉంటుంది. అది 1 కంటే ఎక్కువైతే వీడియో ఆడే వేగం కంటే మార్పిడి వేగం ఎక్కువ అని అర్థం, 0.6 దగ్గరే తచ్చాడుతుంటే నిమిషం వీడియో తయారు చేయడానికి నిమిషంన్నర పైనే పడుతోందన్నమాట. అప్పుడు ఏ రూటర్ కొన్నా చక్రం తిరగడం మానదు.

హార్డ్ డిస్క్ నెమ్మదిగా ఉందని ఎస్‌ఎస్‌డీ కొనేవారు కూడా ఉన్నారు. మామూలు హార్డ్ డిస్క్ సెకనుకు 100 మెగాబైట్లకు పైగా చదవగలదు. అతి బరువైన 4కే ఫైలుకైనా 16 మెగాబైట్లు చాలు. ఆ ఖర్చు వృథా.

ఇక మొదటి మార్గం, అంటే సర్వర్‌కు బలం చేర్చడం. ప్రాసెసర్ కోర్లతోనే ఈ పని చేయించాలంటే ఎంత బరువో ప్లెక్స్ సంస్థ తానే చెప్పిన అంచనా చూస్తే తెలుస్తుంది: 1080పీ హెచ్‌.264 ఫైలు ఒకదాన్ని మార్చడానికి ప్రాసెసర్ వేగాన్ని కొలిచే పాస్‌మార్క్ పరీక్షలో స్కోరు 2000 సరిపోతే, సెకనుకు 50 మెగాబిట్ల 4కే హెచ్‌డీఆర్ ఫైలును 1080పీకి దించడానికి 17,000 కావాలి. ఒక్కరు చూడటానికే అంత. అందుకే కోర్ల సంఖ్య పెంచుకుంటూ పోవడం కన్నా వీడియో కోసమే ప్రత్యేకంగా కట్టిన చిప్పు భాగాన్ని వాడుకోవడం తెలివైన పని. ఇంటెల్ దీన్ని క్విక్ సింక్ పేరుతో 2011 నుంచీ ఇస్తోంది. కానీ 10 బిట్ల హెచ్‌ఈవీసీని చదవడం, రాయడం రెండూ హార్డ్‌వేర్‌లో జరగాలంటే కనీసం 7వ తరం ఇంటెల్ ప్రాసెసర్ కావాలి. హెచ్‌ఈవీసీ కన్నా కొత్త పద్ధతి అయిన ఏవీ1 ఫైళ్లు చదవాలంటే 11వ తరమో, ఆ తర్వాతిదో ఉండాలి. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ అధికారిక వినియోగం 6 వాట్లే అయినా, 4కే హెచ్‌డీఆర్ నుంచి 1080పీకి రెండు మూడు మార్పిడులను ఒకేసారి ఇబ్బంది లేకుండా లాగుతుంది. ఆఫీసుల నుంచి పాతవిగా అమ్మకానికి వచ్చే 8వ తరం ఐ5 చిన్న కంప్యూటర్లు కూడా, ఏవీ1 సంగతి వదిలేస్తే, ఈ పనికి చక్కగా సరిపోతాయి.

ఈ మార్గంలో గుంటలు కూడా ఉన్నాయి. పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ భాగమే ఉండదు. గేమింగ్ కోసం కట్టుకున్న పాత కంప్యూటర్‌ను సర్వర్‌గా మార్చేవారికి ఇది అనుభవంలోకి వచ్చేదాకా తెలియదు. నాస్ కొనేవారికీ ఇలాంటి చిక్కే ఉంది. సైనాలజీ డీఎస్920 ప్లస్‌లో ఉన్న సెలరాన్ జే4125కి క్విక్ సింక్ ఉంది, దాని తర్వాత వచ్చిన డీఎస్923 ప్లస్‌లోని రైజెన్ ఆర్1600కి గ్రాఫిక్స్ లేదు. ఫైళ్ల పనిలో కొత్తది మెరుగు, 4కే మార్పిడికి మాత్రం పాతదే నయం. రాస్ప్‌బెర్రీ పై 5 కూడా అంతే: హెచ్‌ఈవీసీ చదవగలదు కానీ వీడియో రాసే హార్డ్‌వేర్ అందులో లేదు. ప్రోగ్రాములను కంటైనర్లనే విడివిడి అరల్లో నడిపే డాకర్‌లో సర్వర్ నడిపేవారు గ్రాఫిక్స్ పరికరాన్ని కంటైనర్‌కు అప్పగించకపోతే, సెట్టింగ్‌లో టిక్కు పెట్టినా పని కోర్ల మీదే పడుతుంది. ప్లెక్స్ డ్యాష్‌బోర్డులో ట్రాన్స్‌కోడ్ అన్న మాట పక్కన హెచ్‌డబ్ల్యూ అన్న గుర్తు కనిపించే వరకూ హార్డ్‌వేర్ పనిచేస్తోందని అనుకోకూడదు.

రంగుల విషయం కూడా ఇక్కడే వస్తుంది. హెచ్‌డీఆర్ వీడియోను మామూలు తెర కోసం మార్చేటప్పుడు టోన్ మ్యాపింగ్ (వెలుగును, రంగులను ఆ తెరకు తగ్గట్టు సర్దడం) జరగకపోతే బొమ్మ వెలిసిపోయి కనిపిస్తుంది. హెచ్‌డీఆర్‌లో ఒక రకమైన డాల్బీ విజన్ ప్రొఫైల్ 5 ఫైళ్లయితే మనుషుల ముఖాలు ఆకుపచ్చగా, ఊదాగా మారిపోతాయి. ఇది బఫరింగ్ కాదు గానీ, బఫరింగ్ పోగొట్టానని సంతోషించినవారిని వెంటనే పలకరించే సమస్య. టోన్ మ్యాపింగ్‌ను కూడా గ్రాఫిక్స్ భాగానికే అప్పగించే వీలు జెల్లీఫిన్‌లో ఉంది, దానికి డబ్బు కట్టనక్కర్లేదు. ప్లెక్స్‌లో హార్డ్‌వేర్ ట్రాన్స్‌కోడింగ్ కావాలంటే ప్లెక్స్ పాస్ అనే సభ్యత్వం కొనాలి. ఇంట్లో ఎవరైనా సెట్టింగులతో కాస్త ఓపికగా కూర్చోగలిగితే జెల్లీఫిన్ వైపు మొగ్గడమే నా సలహా. ఓపిక లేని ఇంటికి ప్లెక్స్ యాప్‌లు ఇప్పటికీ సుఖం.

రెండో మార్గం ట్రాన్స్‌కోడింగ్ అవసరమే లేకుండా చేయడం. ఇంట్లో చూసేవారికి ఇదే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే మార్పిడి ఎంత వేగంగా జరిగినా నాణ్యత ఎంతో కొంత తగ్గుతుంది, మార్పిడి జరగనప్పుడు తగ్గే ప్రసక్తే లేదు. టీవీలో ముందే ఉన్న యాప్ చాలాసార్లు అనవసరమైన ట్రాన్స్‌కోడింగ్‌కు మూలం అవుతుంది. శామ్‌సంగ్ 2018 మోడళ్ల నుంచి డీటీఎస్ అనే సరౌండ్ ఆడియో రకాన్ని వదిలేసింది. ఎల్‌జీ 2020 నుంచి 2022 వరకు వచ్చిన మోడళ్లలో అది లేదు. ఇలాంటి చోట వీడియోను అలాగే ఉంచి ఆడియోను మాత్రం మారిస్తే సర్వర్ మీద బరువు స్వల్పమే కాబట్టి గాభరా అక్కర్లేదు. అసలు బరువు సబ్‌టైటిల్ వల్ల వస్తుంది. బ్లూరే డిస్కుల నుంచి వచ్చే పీజీఎస్ సబ్‌టైటిళ్లు అక్షరాలు కావు, బొమ్మలు. వాటిని విడిగా చూపలేని ప్లేయర్ కోసం సర్వర్ ప్రతి ఫ్రేము మీదా ఆ బొమ్మను అతికించి, వీడియో మొత్తాన్ని కొత్తగా రాయాల్సి వస్తుంది. కొరియన్ సినిమాకు ఇంగ్లిష్ సబ్‌టైటిల్ పెట్టగానే ఆగిపోయి, తీసేయగానే సాఫీగా ఆడుతుంటే కారణం దాదాపు ఇదే. సబ్‌టైటిల్ ఎడిట్ లాంటి ఉచిత ప్రోగ్రాముతో ఆ బొమ్మలను అక్షరాలుగా గుర్తింపజేసి ఎస్‌ఆర్‌టీ ఫైలుగా పక్కన పెడితే, పైసా ఖర్చు లేకుండా ఆ సినిమా మళ్లీ డైరెక్ట్ ప్లేలోకి వస్తుంది. కొత్త కంప్యూటర్ కొనాలనుకునే ముందు ఇది చేసి చూడటం న్యాయం.

అది సరిపోకపోతే ప్లేయర్ మార్చాలి. 2019లో వచ్చిన ఎన్‌విడియా షీల్డ్ టీవీ ప్రో బ్లూరే సినిమాల్లోని ట్రూహెచ్‌డీ ఆడియోను కూడా మార్చకుండా స్పీకర్లను నడిపే రిసీవర్‌కు పంపగలదు. ఆపిల్ టీవీ 4కేలో ఇన్‌ఫ్యూజ్ యాప్ వాడేవారికి వీడియో మార్పిడి దాదాపు అవసరం పడదు. ఫైర్ టీవీ స్టిక్ 4కే చవక, 4కే హెచ్‌ఈవీసీని తానే ఆడుతుంది, చాలా ఇళ్లకు అది చాలు. రిసీవరూ, అట్మాస్ స్పీకర్లూ లేని గదిలో ఖరీదైన బాక్సు పెట్టినందువల్ల ఒరిగేదేమీ లేదు.

వైరు గురించి ఒక వింత ఉంది. వైఫై కన్నా ల్యాన్ కేబులే ఎప్పుడూ మేలని అందరం అనుకుంటాం. కానీ చాలా టీవీల ల్యాన్ పోర్టు 100 మెగాబిట్లదే, అందులో చేతికి అందేది సుమారు 94. అల్ట్రా హెచ్‌డీ బ్లూరే బిట్‌రేట్ గరిష్ఠంగా 128 మెగాబిట్ల దాకా పోవచ్చు. సినిమా అంతా బాగా ఆడి, బాణసంచా దృశ్యంలోనో వాన దృశ్యంలోనో మాత్రమే ఆగిందంటే ఈ పోర్టును అనుమానించాలి. అలాంటి టీవీకి, రూటర్ అదే గదిలో ఉంటే, 5 గిగాహెర్ట్‌జ్ వైఫై ఆ కేబుల్ కన్నా బాగా పనిచేస్తుంది. రెండు గోడల అవతల ఉంటే గిగాబిట్ పోర్టు ఉన్న బాక్సే దారి. 2.4 గిగాహెర్ట్‌జ్ మీద 4కే ఆశించవద్దు.

మూడో మార్గమైన ముందస్తు మార్పిడి ఇప్పుడు కాస్త పాతబడినట్టు కనిపిస్తుంది గానీ, ఒక్క సందర్భంలో మాత్రం అదే సరైనది. మన ఇళ్ల సర్వర్లలో సినిమాలతో పాటు పెళ్లి వీడియోలు కూడా ఉంటాయి. ఇప్పటి కెమెరాల్లో కొన్ని హెచ్‌.264లోనే 4:2:2 రంగుతో (మామూలు వీడియో కన్నా ఎక్కువ రంగు వివరంతో), 10 బిట్లతో రికార్డు చేస్తాయి. వీడియోగ్రాఫర్ ఎడిట్ చేయని ఫుటేజీని హార్డ్ డిస్కులో వేసి ఇస్తే అది సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున గంటకు 45 గిగాబైట్లు తింటుంది. ఆ రకం ఫైలును టీవీలు ఆడలేవు. ఎన్100 గ్రాఫిక్స్ భాగం కూడా 10 బిట్ల హెచ్‌.264ను చదవలేదు కనుక పని కోర్ల మీద పడి, మొదటి మార్గం, రెండో మార్గం రెండూ ఒకేసారి చేతులెత్తేస్తాయి. హ్యాండ్‌బ్రేక్ అనే మార్పిడి ప్రోగ్రాములో రాత్రి పెట్టి పడుకుని, 10 బిట్ల హెచ్‌ఈవీసీలోకి ఒక్కసారి మార్చుకుంటే ఆ తర్వాత ఏ మామూలు బాక్సయినా దాన్ని ఆడుతుంది. అసలు ఫుటేజీని మాత్రం తీసేయకూడదు. చూడటానికి ఒక ప్రతి, దాచుకోవడానికి ఒక ప్రతి.

సినిమాలకు ఇదే పద్ధతి పాటించవచ్చు. 8 మెగాబిట్ల 1080పీ ప్రతి మూడు గంటల సినిమాకు 11 గిగాబైట్ల లోపే ఉంటుంది. పాత నాస్ మార్చే ఉద్దేశం లేనివారికి, చూసే సినిమాలు కొద్దిగానే ఉన్నవారికి ఇది నయమే. వందల సినిమాలున్నవారు మాత్రం ఈ పని పెట్టుకుంటే కంప్యూటర్ వారాల తరబడి నడుస్తుంది, కరెంటు బిల్లు కూడా నడుస్తుంది; ఆ డబ్బుకు ఎన్100 పెట్టె వైపు చూడటం మంచిది.

ఇంటి బయట నుంచి చూసేవారి దగ్గరికి వచ్చేసరికి లెక్క మొత్తం తిరగబడుతుంది. హైదరాబాద్ ఇంట్లోని సర్వర్ నుంచి డాలస్‌లో ఉన్న కూతురు తమ్ముడి పెళ్లి చూడాలంటే, అక్కడ ఆమె దగ్గర ఎంత గొప్ప బాక్సు ఉన్నా డైరెక్ట్ ప్లే మీద ఆశ పెట్టుకోలేం. 60 మెగాబిట్ల ఫైలు ఖండాలు దాటి నిలకడగా చేరడం అరుదు. అక్కడ ట్రాన్స్‌కోడింగ్ అవసరమే, క్విక్ సింక్‌కు పెట్టిన ప్రతి రూపాయీ అప్పుడు పనికొస్తుంది. కానీ ముందు దారి తెరుచుకోవాలి. మన దగ్గర చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఐపీవీ4లో ఇంటికి సొంత పబ్లిక్ చిరునామా ఇవ్వవు, అందరినీ ఒకే చిరునామా వెనుక కూర్చోబెడతాయి. నేరుగా దారి దొరకనప్పుడు ప్లెక్స్ తన రిలే (మధ్యలో ఉండే ప్లెక్స్ సొంత సర్వర్) ద్వారా పంపుతుంది. దాని పరిమితి ప్లెక్స్ పాస్ ఉన్నవారికి 2 మెగాబిట్లు, లేనివారికి 1. ఇంట్లో 300 మెగాబిట్ల కనెక్షన్ ఉండగా బయట వీడియో మసకగా, ఆగుతూ రావడానికి చాలాసార్లు ఇదే కారణం, దీన్ని ఏ ప్రాసెసరూ సరిచేయలేదు. 2025 ఏప్రిల్ 29 నుంచి ప్లెక్స్‌లో బయటి నుంచి వీడియో చూడటమే డబ్బు కట్టాల్సిన సౌకర్యంగా మారింది కూడా. టెయిల్‌స్కేల్ లాంటి ఉచిత ప్రైవేటు నెట్‌వర్క్‌ను సర్వర్‌లోనూ, అక్కడి బాక్సులోనూ పెట్టి జెల్లీఫిన్ నడిపితే చాలావరకు ఈ రెండు చిక్కులూ తప్పుతాయి. ఆ తర్వాత జెల్లీఫిన్‌లో ఆ ఒక్క వినియోగదారుకు బిట్‌రేట్ పరిమితిని 8 మెగాబిట్ల దగ్గర కట్టడి చేస్తే, ఇంట్లో వాళ్లు అదే వీడియోను అసలు నాణ్యతలో చూస్తూనే ఉంటారు.