నోరు కట్టేసుకోవడం నేర్పిన బోర్డ్ గేమ్ వర్క్‌షాప్

బోర్డ్ గేమ్ తయారీ వర్క్‌షాప్ ముగిసి చాలాకాలమైంది. అక్కడ మొదలుపెట్టిన గేమ్‌ను ఇప్పటికీ చెక్కుతూనే ఉన్నాను. సిలబస్ జోలికి పోను. కాగితం ముక్కలు, పెన్సిల్, పాచికలు ఎక్కడైనా ఒకటే.

నాకు గిట్టుబాటైంది ఒక్క బ్లైండ్ ప్లేటెస్ట్. రూల్స్ కాగితం బల్ల మీద పెట్టి, గేమ్ తయారుచేసినవాళ్లు పక్కన కూర్చోవాలి. ఆడేవాళ్లు తప్పుగా ఆడినా, దిక్కుతోచక మన వైపు చూసినా పలకకూడదు. రాసుకోవాలి, అంతే. మొదట్లో నరకం. నా గేమ్‌లో రెండు పాచికల మొత్తం ఏ రేవు అంకె అయితే ఆ రేవులోని పడవకు సరుకు దొరుకుతుంది. ఏడు పడే అవకాశం 36లో 6, పన్నెండుకు 36లో 1. క్లాసులో ఈ లెక్క చెప్పినప్పుడు అందరం తలూపాం. పన్నెండో రేవులో పడవ పెట్టిన అమ్మాయి ఆట సగంలో ఫోన్ తీసింది. కటాన్ అనే బోర్డ్ గేమ్‌లో అంకెల కింద చుక్కలు ఎందుకు వేస్తారో (ఎక్కువగా పడే అంకెకు ఎక్కువ చుక్కలు) నాకు అప్పుడు బుర్రకెక్కింది. "కాస్త ఆగు, పడుతుంది" అనే వీలుంటే ఆ విసుగు నా కంటపడేదే కాదు.

అందుకే ఎవరడిగినా ఈ పద్ధతినే తెగ పొగిడేవాణ్ణి.

ఆ తర్వాత వర్క్‌షాప్‌తో సంబంధం లేని నలుగురికి అదే పెట్టె ఇచ్చాను. అరగంట బాగానే సాగింది. నా గేమ్‌లో ఒక కార్డుల కట్ట కూడా ఉంటుంది, అది అయిపోయింది. నలుగురూ ఆగిపోయారు. రూల్స్ కాగితం చేతులు మారింది. కార్డులు అయిపోతే ఏం చెయ్యాలో అందులో లేదు! క్లాసులో ఈ ప్రశ్నే రాలేదు. వాడేసిన కార్డులు కలిపి మళ్లీ పేర్చడం మాస్టారు మొదట్లోనే అలవాటు చేశారు, అందరి చేతులూ ఆ పని చేసేసేవి. నేను పళ్లు బిగించి కూర్చున్నా. చివరికి ఒకాయన "కార్డులైపోతే ఆట అయిపోయినట్టే కదా, లెక్క చూద్దాం" అన్నాడు. అందరూ సరే అన్నారు.

అసలు మజా రెండో ఆటలో. అంతవరకు నా గేమ్ చివర్లో సాగదీసినట్టుండేది, గెలిచేదెవరో ముందే తెలిసిపోయేది. ఈసారి కార్డుల కట్ట పల్చబడుతుంటే టెన్షన్ మొదలైంది. పడవ నిండేదాకా ఆగేవాళ్లు సగం సరుకుతోనే బయల్దేరదీశారు. ఇప్పుడు నా రూల్స్‌లో ఆట ముగిసేది అలాగే.

కాబట్టి పాత పొగడ్తను కొంచెం తగ్గించుకోవాలి. ఎక్కడ బోరు కొడుతోందో పట్టుకోవడానికి తోటి విద్యార్థులు చాలు. రూల్స్ రాత పరీక్షించడానికి మాత్రం పనికిరారు, రెండోసారికే వాళ్లకు అన్నీ తెలిసిపోతాయి. పక్క హాల్లో ఇంకో బ్యాచ్ నడుస్తుండేది. పెట్టెలు మార్చుకుంటే పోయేదిగా? ఆ ఆలోచన ఎవరికీ రాలేదో, వచ్చినా పట్టించుకోలేదో.

నాకు ఆటలాడే స్నేహితుల గుంపు లేదు, అందుకే ఈ వర్క్‌షాప్ కలిసొచ్చింది. అలాంటి గుంపు ఉన్నవాళ్లు అంత ఫీజు కట్టాలా అంటే, బహుశా అక్కర్లేదు. గేమ్ అమ్ముకోవడం గురించి చెప్పిన క్లాసు ఎలా ఉందో నన్నడగొద్దు, ఆ ఉద్దేశం లేక ఎగ్గొట్టాను.