దర్శికి వచ్చిన ప్లాస్టిక్ పెద్దమనిషి: ఒక అస్థిపంజరం బొమ్మ, దాంతోపాటు ఇచ్చిన చార్టు

నాది దర్శిలో చిన్న ఫిజియోథెరపీ క్లినిక్. రెండు మంచాలు, ఒక కరెంటు మిషను, గోడకి కప్పీ. మోకాలు ఎందుకు నొస్తోందని ఎవరైనా అడిగితే ఇన్నాళ్ళూ నా రెండు పిడికిళ్ళూ ఒకదాని మీద ఒకటి పెట్టి రుద్ది చూపించేదాన్ని. పోయిన నెల పెళ్ళికని నెల్లూరు వెళ్ళి, పనిలో పనిగా పొగతోటలో ఒక సర్జికల్ షాపులో అస్థిపంజరం బొమ్మ తీసుకున్నాను. 85 సెంటీమీటర్ల ఎత్తు, స్టాండు, గోడకి తగిలించే లామినేషన్ చార్టు, అన్నీ కలిపి 4,600 రూపాయలు. షాపు పేరు ఎందుకులెండి, సరుకు సంగతి చెబుతాను.

బొమ్మ బాగుంది. దవడ కదులుతుంది, చేతులూ కాళ్ళూ ఊడదీసి పెట్టుకోవచ్చు, వెన్నుపూసల మధ్య డిస్కులు కూడా ఉన్నాయి. నడుము దగ్గర ఒక డిస్కు ఎర్ర రంగుతో బయటికి పొడుచుకొచ్చి నరాన్ని నొక్కుతున్నట్టు చేశారు. ఈ ఒక్క ముక్క వల్లే నాకు పెట్టిన డబ్బులు వచ్చేశాయి. "డిస్కు జారింది" అంటే ఏదో బిళ్ళ ఊడి కింద పడిపోయిందనుకుని భయపడేవాళ్ళు ఇప్పుడు వేలు పెట్టి తడిమి చూసి, "ఓస్, ఇంతేనా" అంటున్నారు.

గొడవంతా కాళ్ళ దగ్గర వచ్చింది. ఇంటికొచ్చి స్టాండుకి ఎక్కించి చూద్దును కదా, ఎడమ పిక్కలో సన్న ఎముక లోపలి వైపు ఉంది! కుడికాలు ఎడమకి, ఎడమది కుడికి బిగించేశారు. షాపుకి ఫోన్ చేస్తే, "అలాగే వచ్చింది మేడం, బొమ్మేగా" అన్నాడు. స్క్రూలు విప్పి నేనే మార్చుకున్నాను. నేను ఇంటర్ తెలుగు మీడియం. ఆ పుస్తకంలో మోకాలి కింద రెండు ఎముకల పేర్లు అంతర్జంఘిక, బహిర్జంఘిక. నోరు తిరగక తిట్టుకుంటూ బట్టీ పట్టాం గానీ, జంఘ అంటే పిక్క, ఒకటి లోపలిది, ఇంకొకటి బయటిది. ఎటు బిగించాలో పేరే చెబుతోంది. వాటికే డాక్టర్లు వాడే టిబియా, ఫిబ్యులా అన్న పేర్లలో ఆ సౌకర్యం లేదు.

ఇక చార్టు. దానికి ఐదుకి రెండు మార్కులు. మణికట్టులో బొటనవేలి మొదట ఉండే ఎముకకి "గ్రేటర్ మల్టాంగులర్" అని అచ్చేశారు. ఇది 1895లో బాసెల్‌లో శరీరశాస్త్రజ్ఞులు ఖాయం చేసిన జాబితాలో పేరు. అప్పటికి ఒక్కో దేశంలో ఒక్కో పేరుతో సుమారు 50 వేల పేర్లు వాడుకలో ఉంటే, వాటిని వడగట్టి సుమారు 5 వేలకి తెచ్చారు. మంచి పనే. కానీ ఆ జాబితాని 1955లో పారిస్‌లో సవరించారు, తర్వాత 1998లో టెర్మినాలజియా అనటామికా అని కొత్తది వచ్చింది, 2019లో దానికీ రెండో కూర్పు వచ్చింది. ఆ ఎముక ఎప్పుడో ట్రెపీజియం అయిపోయింది. మా చార్టు మాత్రం ఇంకా మా ముత్తాత కాలంలోనే ఉంది. పైగా చేతిలో ఒక నావిక్యులర్, పాదంలో ఒక నావిక్యులర్ చూపించారు. చేతిలో దాన్ని ఇప్పుడు స్కాఫాయిడ్ అంటారు. రెండు మాటలకీ అర్థం నావ అనే, ఒకటి గ్రీకు, ఒకటి లాటిన్. ఎక్స్‌రే కాగితం మీద ఉత్త నావిక్యులర్ అని రాస్తే చేతికి కట్టు కట్టాలా, కాలికి కట్టాలా?

పేరుదేముందిలే అనుకునేవాళ్ళకి నా పేషెంటు సంగతి చెబుతాను. మిరప కల్లంలో తాలుకాయలు ఏరుతూ రోజుల తరబడి గొంతుక్కూర్చుంది. ఒక పొద్దున లేచేసరికి కుడి పాదం పైకి లేవలేదు. నడుస్తుంటే చెప్పు జారిపోతోంది. మోకాలి బయటివైపు, సన్న ఎముక తల కిందుగా చుట్టుకెళ్ళే నరం నలిగితే ఇలా అవుతుంది. ఒకచోట డాక్టరు చీటీలో కామన్ పెరోనియల్ నర్వ్ అని రాశారు, ఇంకోచోట నరాల పరీక్ష రిపోర్టులో కామన్ ఫిబ్యులార్ నర్వ్ అని వచ్చింది. వాళ్ళబ్బాయి అక్షరాలు కూడబలుక్కుని చదివి, "రెండు నరాలు పోయాయంట" అని చెప్పాడు. నా దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఏడుస్తోంది. నరం ఒక్కటే. పెరోనే గ్రీకు, ఫిబ్యులా లాటిన్, రెండింటికీ అర్థం బట్టలకి పెట్టుకునే పిన్నే. ఇప్పటి జాబితాలో ఫిబ్యులారే ముందు పేరు, పెరోనియల్ కూడా పనికొస్తుందని పక్కన ఉంచారు. ఆ "పక్కన" వల్లే ఆ ఇంట్లో నాలుగు రోజులు అన్నం సహించలేదు. బొమ్మ కాలు పట్టుకుని సన్న ఎముక తల మీద ఆవిడ చూపుడు వేలు పెట్టించాను, తర్వాత అదే వేలు ఆవిడ మోకాలి పక్కన పెట్టించాను. అప్పుడు నమ్మింది.

జబ్బు లక్షణాల పేర్లకీ ఇలాంటి జాబితాలున్నాయి. 2008లో బెర్లిన్‌లో మొదలైన హ్యూమన్ ఫీనోటైప్ ఆంటాలజీ, అంటే ఒంట్లో కనిపించే తేడాలకి పేరూ నంబరూ ఇచ్చే జాబితా, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకునే కాళ్ళకి అందులో పేరు జెను వాల్గమ్, నంబరు 0002857. నాక్ నీస్ అని కొట్టినా అక్కడికే తీసుకెళుతుంది. దొడ్డికాళ్ళకి వేరే నంబరు. నేను కేసు షీట్లలో ఇప్పుడు ఈ పేర్లే రాస్తున్నాను, ఒంగోలు పంపినా నెల్లూరు పంపినా ఒకే మాట ఉంటుందని.

మా వైపు ఈ బొమ్మకి ఒక లోపం ఉంది, అది తయారుచేసినవాళ్ళ తప్పు కాదు. ఎముకలు మరీ ఆరోగ్యంగా ఉన్నాయి. మన దేశంలో ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల మనుషుల ఎముకలకి వచ్చే జబ్బుని మొట్టమొదట 1937లో వైద్య పత్రికకెక్కించింది మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే, దర్శి అప్పుడు ఆ జిల్లాలోదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల కోడ్ల జాబితా ఐసీడీ-10లో దానికి ఎం 85.1 అని కోడ్ ఉంది. ముంజేతి రెండు ఎముకల నడుమ పొర సున్నంలా గట్టిపడడం ఎక్స్‌రేలో దాని గుర్తు. బొమ్మకి అక్కడ ఖాళీ. అందుకని ఎం-సీల్ కలిపి, ఎడమ ముంజేతిలో రత్నికీ అరత్నికీ మధ్య పలచగా పట్టీ వేశాను. కుడిచెయ్యి మామూలుగా వదిలేశాను. ఒక పెద్దాయన రెండూ తడిమి చూసి, "ఈ కుడిచేతాయన ఏ ఊరి నీళ్ళు తాగాడమ్మా?" అన్నాడు.

కొనేవాళ్ళు షాపులోనే కాళ్ళు చూసుకోండి, సన్న ఎముక బయటికుండాలి. స్టాండుకి చిన్న స్క్రూ ఒకటి తక్కువొస్తుంది, సైకిల్ షాపులో దొరికింది. చార్టు వద్దని డబ్బు తగ్గించమని అడగండి. నాది మాత్రం గోడకే ఉంది, మల్టాంగులర్ మీద తెల్ల స్టిక్కరు అంటించి ట్రెపీజియం అని పెన్నుతో రాశాను.