మహేంద్రగిరికి కాలినడకన: కొండ తెలిసిన గైడు దొరకడమే ముఖ్యం

ఒడిశా గజపతి జిల్లాలోని మహేంద్రగిరి కొండకు ఇప్పుడు ఘాట్ రోడ్డు ఉంది. పర్లాకిమిడిలో జీపు మాట్లాడుకుంటే గుళ్ళకు దగ్గర్లోనే దింపుతాడు. పెద్దవాళ్ళు వెంట ఉంటే అదే మేలు. కాళ్ళలో సత్తువ ఉన్నవాళ్ళు మాత్రం అడవి దారిన నడిచే ఎక్కాలి. అదీ కొండ కింది గూడల్లో ఉండే సవర గిరిజనులను వెంటబెట్టుకునే ఎక్కాలి. ఇది నా గట్టి నమ్మకం.

విశాఖ నుంచి గుణుపూర్ రైలు నౌపడా దగ్గర మళ్ళి, టెక్కలి, పాతపట్నం దాటి పర్లాకిమిడి వస్తుంది. 1900లో మొదలైన రాజావారి చిన్న రైలు దారే ఇది, 2011లో బ్రాడ్‌గేజీ అయింది. ఊరు 1936లో ఒడిశాలో కలిసినా బజారులో సగం మాటలు తెలుగే, భాషతో ఇబ్బందేమీ లేదు. లాడ్జిలు మామూలువి. మేం దిగినచోట దుప్పట్లు ఉతికినవే వేశారు, వేడినీళ్ళు బకెట్టుతో తెచ్చిచ్చారు, తెల్లవారుజామున లేపమంటే గుర్తుపెట్టుకొని లేపారు. ఒక రాత్రికి ఇంతకంటే ఏం కావాలి?

అంతకుముందు ఒకసారి ఓ ట్రెక్కింగు సంస్థ ద్వారా వెళ్ళాం. తలకు మూడు వేల పైనే తీసుకున్నారు. గైడని పంపిన కుర్రాడు ఫోనులో మ్యాపు చూసుకుంటూ నడిపించాడు. సగం కొండకే సిగ్నలు పోయింది. గెడ్డ (కొండవాగు) దాటాక బాట ఎటుందో తెలియక తుప్పల్లో తిప్పాడు. అన్నిటికంటే నా మనసు నొచ్చుకున్నది వేరే. తిన్న ప్లాస్టిక్ ప్లేట్లు, నీళ్ళ సీసాలు అక్కడే పడేసి దిగమన్నాడు. 2022లో ఒడిశా ప్రభుత్వం జీవావరణ రిజర్వుగా ప్రకటించిన కొండ అది.

ఈసారి నేరుగా గూడకు వెళ్ళి అడిగితే ఓ ముసలాయన వస్తానన్నాడు. రోజుకు ఎనిమిది వందలు అడిగాడు, మేం బేరమాడలేదు. సవర, ఒడియా, తెలుగు మూడూ మాట్లాడతాడు. బయల్దేరే ముందు మా ప్యాంట్ల అంచులు సాక్సుల్లోకి దోపించి, పొగాకు నానేసిన నీళ్ళు వాటికి పట్టించాడు. వానలు తగ్గినా గెడ్డల పక్కన తడి ఆకుల్లో జలగలు ఇంకా ఉన్నాయి. నా మడమ పైన ఒకటి పట్టింది. లాగబోతే చెయ్యి పట్టుకున్నాడు. “లాగకండి బాబూ, పుండవుద్ది” అంటూ బొటనవేలి గోరు చర్మానికి ఆనించి, పక్కనుంచి దాని మూతి కిందికి మెల్లగా తోశాడు. పట్టు వదిలేసింది. విదిలించి పారేసి, ఏమీ జరగనట్టే ముందుకు నడిచాడు.

గుగ్గిలం చెట్ల నీడన చాలాసేపు నడక. కల్లు తీసే జీలుగు చెట్టు కనిపించినప్పుడల్లా అది ఏ ఇంటివాళ్ళదో చెప్పేవాడు. పాకుడు రాళ్ళను ముందు తన వెదురుకర్రతో తట్టి చూసి, ఆ తర్వాతే మమ్మల్ని అడుగెయ్యమనేవాడు. మేం ఆయాసపడకముందే ఆగేవాడు, అడిగితే తనకే కాళ్ళు నొప్పులనేవాడు. ఒకచోట బాట చక్కగా కనిపిస్తున్నా వదిలేసి పైనుంచి చుట్టూ తిప్పాడు. 2018 తిత్లీ తుపానుకు అక్కడ కొండచరియ జారిందట. “తుప్పలు మొలిచాయి గానీ మన్ను ఇంకా కుదురుకోలేదు తాతా అంటాది మా మనవరాలు, దానికీ తెలుసు” అన్నాడు. ఏ మ్యాపులోనూ దొరకని మాట. మధ్యాహ్నం అడ్డాకుల్లో కట్టి తెచ్చిన అన్నం, పప్పు తిన్నాం. ఆకులు అక్కడి మట్టిలోనే కలిసిపోతాయి.

పైకి వెళ్ళేకొద్దీ చెట్లు పలచబడి గడ్డి, రాళ్ళు, ఒకటే గాలి. శిఖరం 1501 మీటర్లు. పరశురాముడు తపస్సు చేసిన కొండని పురాణాలు చెబుతాయి, కళింగను ఏలిన తూర్పు గాంగులు కొలిచిన శివుడు, గోకర్ణేశ్వరుడు, ఇక్కడివాడే. భీముడి గుడి చిన్నదే కానీ దాని రాళ్ళు చూస్తే నోట మాట రాదు, అంతంత బండలు. రాజేంద్ర చోళుడి కాలపు శాసనం, చోళుల పులి, పాండ్యుల చేపల గుర్తులు కూడా ఈ కొండ మీదే ఉన్నాయి. ఆ చరిత్ర గైడు చెప్పడు, చదువుకొని వెళ్ళండి. మబ్బు విడితే తూర్పున సముద్రం కనిపిస్తుంది.

పైన టెంటు వేసుకోవాలన్న ఆలోచన వద్దు, చలిగాలికి నిద్రపట్టదు, నీళ్ళూ మోసుకెళ్ళాలి. మేం దిగి వచ్చి గూడలో ఇంటి అరుగు మీద పడుకున్నాం. రాత్రి చోడి (రాగి) అంబలి, కందిపప్పు పెట్టారు. డబ్బు ఆ ఇంటి అమ్మ చేతికే ఇవ్వండి. మరుగుదొడ్డి ఉందో లేదో, ఆడవాళ్ళుంటే, ముందే కనుక్కోండి.

దేవమాలితో పోల్చి అడుగుతుంటారు. కొరాపుట్ జిల్లాలోని ఆ శిఖరం 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తు. సాలూరు, సుంకి మీదుగా పొట్టంగి వైపు వెళ్ళాలి. బండి దాదాపు పైదాకా పోతుంది, సూర్యోదయం చాలా బాగుంటుంది, గైడు అక్కర్లేదు. కానీ అడవిలో నడవాలని వచ్చినవాడికి అది సరిపోదు. నడక అయ్యాక ఒళ్ళు నొప్పులతో ఉన్నవాళ్ళు చంద్రగిరి దగ్గరి జిరంగ్ బౌద్ధ విహారానికి వెళ్ళండి. 1963 నుంచి అక్కడ టిబెట్‌వాళ్ళు స్థిరపడ్డారు. ఆ ప్రశాంతత నాకు చాలా నచ్చింది.

కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. శివరాత్రికి జాతర, జనం విపరీతం, అప్పుడు నడక పెట్టుకోవద్దు. గైడు కోసం ముందురోజే గూడకు వెళ్ళి అడగండి. సంత రోజైతే మాత్రం మగవాళ్ళెవరూ ఊళ్ళో దొరకరు.