మిమిక్-4: బోస్టన్ ఐసీయూ రికార్డుల భాండాగారం ఎంతవరకు ఉపయోగం?

రోగుల కేస్‌షీట్లను చదివి జబ్బు తీరును, చికిత్స ఫలితాన్ని అధ్యయనం చేయాలనుకునే మన పీజీ విద్యార్థికి ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాక కూడా అసలు పని మిగిలే ఉంటుంది. మెడికల్ రికార్డ్స్ విభాగంలో పాత ఫైళ్లు తీయించుకుని, చేతిరాతను పోల్చుకుంటూ ఒక్కొక్క అంకెనూ ఎక్సెల్‌లోకి ఎక్కించుకోవాలి. అటువంటివారికి మిమిక్-4 ఒక పెద్ద వెసులుబాటు. బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రిలో 2008 మొదలుకొని ఐసీయూలోనో అత్యవసర విభాగంలోనో చికిత్స పొందినవారి రికార్డులను, వారి గుర్తింపు తెలియకుండా మార్చి, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు ఫిజియోనెట్ అనే వైద్య డేటా వెబ్‌సైట్ ద్వారా ఉచితంగా అందిస్తున్నారు. తాజా రూపంలో 3 లక్షల 60 వేలకు పైగా వ్యక్తుల వివరాలు, 94 వేలకు పైగా ఐసీయూ బసలు ఉన్నాయి.

ఉచితమన్నంత మాత్రాన చేయి చాపగానే దొరుకుతుందని కాదు. మానవ సమాచారంతో పరిశోధన చేసేవారికి ఉద్దేశించిన 'సిటీ' (CITI) అనే ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేసి ఆ ధ్రువపత్రం సమర్పించాలి, మనల్ని ఎరిగిన ఒకరి పేరు రిఫరెన్సుగా ఇవ్వాలి, విద్యార్థులైతే తమ గైడ్ పేరే ఇవ్వాలి. రోగులను గుర్తుపట్టే ప్రయత్నం చేయబోమని, డేటాను మరొకరికి ఇవ్వబోమని ఒప్పందంపై సంతకం కూడా చేయాలి. ఈ తతంగం విసుగనిపించవచ్చు గానీ, ఇవి ప్రాణాపాయంలో ఉన్న మనుషుల రికార్డులు కనుక ఇంత జాగ్రత్త అవసరమేనని నా అభిప్రాయం. అంతవరకు ఆగలేనివారికి 100 మంది రోగులతో ఒక నమూనా విడిగా ఉంది. దానికి ఏ అనుమతీ అక్కర్లేదు.

లోపల ఉన్న సమాచారం విషయానికి వస్తే, దీని గొప్పతనం వివరాల సాంద్రతలో ఉంది. నర్సులు నమోదు చేసిన నాడి, బీపీ, ఊపిరి వేగం, వెంటిలేటర్ సెట్టింగులు, సెలైన్‌లో ఎక్కిన ప్రతి మందు మోతాదు, వచ్చిన మూత్రం పరిమాణం, ల్యాబ్ ఫలితాలు, అన్నీ సమయంతో సహా ఉంటాయి. డిశ్చార్జి సమ్మరీలు వేరే విభాగంగా, ఛాతీ ఎక్స్‌రేలు మరొక విభాగంగా దొరుకుతాయి. ఒకే రోగి సంఖ్యతో వాటిని కలుపుకోవచ్చు. సెప్సిస్‌తో, అంటే ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితిలో, వచ్చిన రోగికి లాక్టేట్ (కణజాలానికి ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం) ఎప్పుడు పెరిగింది, రక్తపోటు నిలబెట్టే నోరెపినెఫ్రిన్ మందు ఎప్పుడు మొదలైంది, కిడ్నీ ఎప్పుడు మొరాయించింది అన్న క్రమాన్ని ఇంత స్పష్టంగా చూపే పాఠ్యపుస్తకం ఏదీ లేదు.

అయితే రికార్డులో కనిపించేది జబ్బు ఒక్కటే కాదు, వైద్యుడి అనుమానం కూడా. లాక్టేట్ పరీక్ష రాయించారంటేనే ఎవరికో ఆందోళన కలిగిందని అర్థం. రాయించకపోవడం కూడా ఒక సమాచారమే. రక్తపోటు నిలబెట్టే మందులు పొందినవారిలో మరణాలు ఎక్కువగా కనిపిస్తాయి, కానీ ఆ మందు చంపిందని కాదు, చావుకు దగ్గరగా ఉన్నవారికే ఆ మందు ఇచ్చారని. ఈ చిక్కును తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో చూడాలంటే, 2018లో వెలువడిన 'ఏఐ క్లినిషియన్' అధ్యయనం చుట్టూ నడిచిన చర్చను గమనించాలి. దీని ముందు రూపమైన మిమిక్-3 రికార్డుల నుంచి సెప్సిస్‌లో సెలైన్, మందుల మోతాదులను యంత్రానికి నేర్పిన ఆ పని చాలా పేరు తెచ్చుకుంది. గడిచిపోయిన కేసులను బట్టి కొత్త మోతాదులు మేలు చేస్తాయని నిర్ధారించడం సాధ్యమేనా అన్న విమర్శలూ అంతే బలంగా వచ్చాయి.

వాడేవారిని ఇబ్బందిపెట్టే సంగతులు కొన్ని ఉన్నాయి. తేదీలన్నింటినీ ఒక్కొక్క రోగికి ఒక్కొక్క లెక్కన భవిష్యత్తులోకి జరిపారు కనుక, ఒకరు 2150లో చేరినట్టు, మరొకరు 2183లో చేరినట్టు కనిపిస్తారు. ఒకే రోగి విషయంలో ఘటనల మధ్య ఎడం మారదు గానీ, ఇద్దరు రోగుల తేదీలను పోల్చడానికి వీల్లేదు. రోగి నిజంగా చేరిన కాలాన్ని మూడేళ్ల వ్యవధిగా సుమారుగా మాత్రమే చెబుతారు. 89 ఏళ్లు దాటినవారందరి వయసూ 91గానే ఉంటుంది. వ్యాధి కోడ్‌లు డిశ్చార్జి తరువాత బిల్లింగ్ కోసం వేసినవి. వాటితో రోగి చేరిన రోజునే జోస్యం చెప్పే కంప్యూటర్ మోడల్ తయారుచేస్తే అది జవాబు చూసి పరీక్ష రాసినట్టే. ల్యాబ్ పట్టికలో రక్తం వంటి శాంపిల్ తీసిన సమయం వేరు, ఫలితం అందిన సమయం వేరు. డాక్టర్‌కు ఏది ఎప్పుడు తెలిసిందన్నది ప్రశ్న అయితే రెండోదే చూడాలి.

మన దృష్టితో చూస్తే పెద్ద పరిమితి, ఇది ఒకే నగరంలోని ఒకే ఆసుపత్రి కావడం. మన ఐసీయూలకు తరచూ వచ్చే పురుగుమందు తాగిన కేసులు, పాముకాట్లు, డెంగీ షాక్ ఇక్కడ నేర్చుకునేంతగా దొరకవు. అందుకే దీని సోదర భాండాగారమైన ఈ-ఐసీయూను కూడా పక్కన పెట్టుకోవాలి. అందులో అమెరికాలోని 200కు పైగా ఆసుపత్రులకు చెందిన 2014, 2015 సంవత్సరాల రికార్డులున్నాయి. పల్స్ ఆక్సీమీటర్ బాగున్నట్టు చూపుతున్నా రక్తంలో ఆక్సిజన్ తక్కువగా ఉండడం తెల్లజాతి రోగులతో పోలిస్తే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020లో తేల్చిన అధ్యయనం ఈ-ఐసీయూ రికార్డులనూ వాడుకుంది. ముదురు చర్మఛాయ గల మనకూ ఆ ప్రశ్న వర్తిస్తుంది. సొంత రికార్డుల నుంచి నేర్చుకోవడం ఇక్కడ అసాధ్యమేమీ కాదు, హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ తన ఐస్మార్ట్ ఎలక్ట్రానిక్ రికార్డుల ఆధారంగా లక్షలాది రోగులపై అధ్యయనాలు ప్రచురించింది.

డేటాబేస్‌ల నుంచి సమాచారం తీసే కంప్యూటర్ భాష ఎస్‌క్యూఎల్ రానివారు దీని జోలికి ఒంటరిగా వెళ్లకపోవడం మంచిది. ఒక వైద్యుడు, ఒక గణాంక నిపుణుడు కలిసి కూర్చుంటేనే ఇది ఫలిస్తుంది. అవయవాలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే సోఫా స్కోరు వంటివాటిని లెక్కగట్టే ప్రోగ్రాములను తయారీదారులే గిట్‌హబ్ అనే కోడ్ వెబ్‌సైట్‌లో పెట్టారు కనుక వాటిని మళ్లీ రాసుకునే శ్రమ పడనక్కర్లేదు. మరో హెచ్చరిక: ఈ రికార్డులను బయటి చాట్‌బాట్లలో అతికించి సారాంశం అడగడం ఇప్పుడు చాలామందికి అలవాటవుతోంది, కానీ డేటాను మూడో పక్షానికి పంపడం ఒప్పంద ఉల్లంఘన కిందికే వస్తుంది.