పసుపు కార్డు చూసి ఆఫర్ అనుకోవద్దండి, తిరుపతిలో సరుకులు కొనేవాళ్లు జాగ్రత్త

ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక సూపర్ మార్కెట్‌లో పోయిన వారం మా అమ్మకి జరిగింది ఇది. కందిబేడల ర్యాక్‌కి పసుపు కార్డు, దాని మీద ఎర్రగా అరచెయ్యంత 99, పక్కన తెలుగులో లావుగా 'కిలో' అని ఉండాది. అమ్మ మూడు ప్యాకెట్లు తీసుకునింది. ఇంటికొచ్చి అద్దాలు పెట్టుకుని బిల్లు చూస్తే ఒక్కోటి 152, అంటే 297 అనుకున్నది 456 అయింది.

సాయంత్రం నేనే పోయి చూసినా. కార్డు కింద ఇంకో లైన్ ఉండాది, బిల్లు 1499 దాటితేనే ఆ రేటు అని. అది ఇంగ్లీషులో, చీమ తలకాయంత సన్న అక్షరాలు, పసుపు మీద తెల్ల రంగుతో, పైగా కార్డు దూర్చే ప్లాస్టిక్ పట్టీ అంచు కింద సగం దాక్కోని ఉండాది, ఫోన్‌లో ఫొటో తీసి జూమ్ చేస్తే గానీ చదవలేకపోయినా. పసుపు మీద ఎరుపు ఎంత దూరం నుంచైనా కనపడతాది, తెలుపు మాత్రం దగ్గరికి పోయినా కనపడదు, రెండూ లేత రంగులే కదా. రేటు తెలుగులో రాసి షరతు ఇంగ్లీషులో రాసినారంటే అది పొరపాటు కాదు, పనిగట్టుకుని చేసిందే అని నేను గట్టిగా చెప్తా. అడిగితే "రాసే ఉంది కదా సార్" అన్నారు, డబ్బులు ఇవ్వం వేరే సరుకు తీసుకోమన్నారు.

ఇంకోటి, అవే పసుపు కార్డులు ఆఫర్ లేని వాటికీ పెట్టినారు. ఉప్పు ప్యాకెట్ కార్డు మీద 28, ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ కూడా 28! అమ్మలాంటోళ్లు రంగుని బట్టే తీసుకుంటారు, అదే నాకు కడుపు మండింది. మా కొర్లగుంట అంగడాయన పలక మీద సుద్దతో రాసినా సరుకు పేరు, కిలో, రేటు అన్నీ ఒకే సైజులో రాస్తాడు.

కార్డుని నమ్మకుండా ప్యాకెట్ తిప్పి చూడండి, గ్రాముకి ఎంత లేదా కిలోకి ఎంత అని యూనిట్ ధర కూడా ప్యాకెట్ మీద వేయాలని రూల్ ఉంది. కార్డుని కింది లైన్‌తో సహా ఫొటో తీసి పెట్టుకోండి, బిల్లు కౌంటర్ దగ్గరే సరిచూసుకోండి, వెనక క్యూ ఉన్నా పర్లేదు. వాళ్లు వినకపోతే కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనే మాట్లాడొచ్చు. నిన్న అటువైపు పోతూ లోపలికి పోయి చూసినా, ఆ 99 కార్డు ఇంకా అక్కడే ఉండాది.