సుమత్రా పీడీఎఫ్: నాన్న పాత ల్యాప్‌టాప్‌లో మూడేళ్లు వాడాక

నాన్న ల్యాప్‌టాప్‌కి నేను చేసిన ఒకే ఒక్క మంచి పని, బ్రౌజర్ చేత పీడీఎఫ్‌లు తెరిపించడం మానిపించి, ఆ పని సుమత్రా అనే పీడీఎఫ్‌లు చదివే ప్రోగ్రామ్‌కి అప్పజెప్పడం. విండోస్ 7, 4 జీబీ ర్యామ్, ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్‌ఆర్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే రకం). ఆ విండోస్‌కి అదే ఆఖరి ఫైర్‌ఫాక్స్, క్రోమ్ అయితే 109 దగ్గరే ఆగిపోయింది.

ఆయన చదివేవన్నీ స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు, ఒక్కోటి మూడొందల పేజీలు. ఫైర్‌ఫాక్స్ తన లోపలి వ్యూయర్‌లో ఒక్కో పేజీని జావాస్క్రిప్ట్‌తో గీసి చూపిస్తుంది, కొత్త మెషిన్‌లో ఆ సంగతి ఎవరికీ తెలియదు గానీ ఇక్కడ పేజీ జరిపితే చాలు, తెల్లకాగితం, హార్డ్‌డిస్క్ గరగర, ఈలోపు నాన్న వెళ్లి కాఫీ తాగి వచ్చేవారు. సెట్టింగ్స్‌లో జనరల్ కింద అప్లికేషన్స్ అని ఉంటుంది, అక్కడ పీడీఎఫ్ పక్కన సుమత్రాని పెట్టా, అంతే. మర్నాడు ఫోన్: "నిన్న ఎక్కడ ఆపానో అదే పేజీ తెరిచిందిరా!" మూడేళ్లయినా ఆయనకి ఆ ముచ్చట తీరలేదు, నాక్కూడా.

సుమత్రాని తిట్టుకున్నది ఒక్క రాత్రే. మా అక్క కూతురి హాల్‌టికెట్, తెల్లారితే పరీక్ష. డౌన్‌లోడ్ అయింది, తెరిస్తే సుమత్రా 'ఎర్రర్ లోడింగ్' అని ఫైలు పేరు చూపించి ఊరుకుంది. మళ్లీ డౌన్‌లోడ్, మళ్లీ అదే. పేరు చివర 1, 2, 3 అంటూ నాలుగు ఫైళ్లు పోగయ్యాయి, అక్కకి ఒకటే టెన్షన్, "ఈ డబ్బాలో ఎందుకు పెట్టావురా" అని నా మీద పడింది. ఫైర్‌ఫాక్స్‌తో తెరిస్తే ఫైలు పాడైందంది, ఫోన్‌కి పంపినా తెరుచుకోలేదు. అప్పుడు చూశా సైజు: నాలుగూ 4 కేబీయే. నాలుగుసార్లూ అచ్చంగా ఒకేలా పాడవుతాయా? నోట్‌ప్యాడ్‌లో తెరిచా. అసలు పీడీఎఫ్ అయితే మొదట్లోనే పర్సెంట్ గుర్తు, దాన్నంటుకుని పీడీఎఫ్ అని ఇంగ్లిష్ అక్షరాలు కనపడాలి, ఇందులో వెబ్‌పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ కోడ్, దాని మధ్యలో సెషన్ అయిపోయింది, మళ్లీ లాగిన్ అవ్వండి అన్న వాక్యం. లాగిన్ అయ్యి మేం అన్నానికి లేచాం. ఆ సైటు ఆ పేజీనే పీడీఎఫ్ పేరు పెట్టి చేతిలో పెట్టింది! మళ్లీ లాగిన్ అయ్యి వెంటనే నొక్కితే 180 కేబీ ఫైలు దిగింది, ఠక్కున తెరుచుకుంది. ల్యాప్‌టాప్ తప్పూ లేదు, సుమత్రా తప్పూ లేదు, కాకపోతే ఇది పీడీఎఫ్ కాదు అని ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే మాకు గంటన్నర మిగిలేది.

బ్రౌజర్ వ్యూయర్ శుద్ధ దండగ అని అప్పట్లో కనపడ్డవాళ్లందరికీ చెప్పాను, ఆ మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నా. గడుల్లో టైప్ చేసి నింపే ఫారాలు సుమత్రాలో కుదరవు, అలాంటిది వస్తే ఫైలుని పట్టుకొచ్చి ఫైర్‌ఫాక్స్ కిటికీలో పడేసి అక్కడే నింపుతున్నా, నెమ్మదే గానీ పనవుతుంది. డిజిటల్ సంతకం అసలుదో కాదో చూడాలన్నా సుమత్రాతో పని జరగదు.

నాన్నకి చదవడమే తప్ప నింపడం లేదు కాబట్టి మాకు సరిపోయింది. రోజూ ఫారాలతో పని ఉన్నవాళ్లకి ఇదొక్కటీ చాలుతుందని చెప్పలేను. ఇంకోటి, విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరిలోనే ఆగిపోయింది, అందుకని బ్యాంకు పనులు మాత్రం ఆ ల్యాప్‌టాప్‌లో ముట్టనివ్వను. పుస్తకాలకైతే ఇంకో రెండేళ్లు లాగుతుందని నాన్న నమ్మకం. బ్యాటరీ మాత్రం పోయింది, ప్లగ్ పీకితే ఆగిపోతుంది.